సారాయి కొట్టు, పూటకూళ్ల ఇల్లు, నాటకశాల: లండన్ పాత సందుల్లో ఒక రోజు నడక

లండన్‌లో చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు మొదటి నెలలోనే టవర్ బ్రిడ్జి, బిగ్ బెన్, లండన్ ఐ చుట్టేస్తారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే వాళ్లనూ అక్కడికే తీసుకెళ్తారు. ఈ ఊరు మూడు నాలుగు వందల ఏళ్లుగా ఎక్కడ తిని, ఎక్కడ తాగి, ఎక్కడ నాటకం చూసిందో మాత్రం ఆ చోట్ల కనిపించదు. అది చూడాలంటే ఫ్లీట్ స్ట్రీట్ నుంచి సోహో దాకా నడవాలి. సందులన్నీ కలుపుకుంటే నాలుగైదు కిలోమీటర్లు. ఆగి చూస్తూ, తింటూ నడిస్తే పూట పైగానే పడుతుంది.

ఈ నడకలో ముఖ్యమైన సూత్రం ఒక్కటే. పెద్ద రోడ్డు మీది ముందు తలుపు దగ్గర ఫొటో తీసుకుని వెళ్లిపోకండి, పక్క సందులోకి తిరగండి. తాగుబోతులు తన్నుకున్నదీ, నటులు లోపలికి వెళ్లిందీ, చవక టికెట్టు కొన్నవాళ్లు మెట్లెక్కిందీ ఆ సందుల్లోనే.

బయలుదేరే ముందు

వారం మధ్యలో రోజు ఎంచుకోండి. ఫ్లీట్ స్ట్రీట్ చుట్టుపక్కల పబ్బులు ఆఫీసువాళ్ల మీద బతుకుతాయి కాబట్టి శని, ఆదివారాల్లో చాలావాటికి తాళం ఉంటుంది. థియేటర్లకు ఆదివారం సెలవు ఎక్కువ. బుధ, గురువారాల్లో మధ్యాహ్నం ఆటలు కూడా ఉంటాయి కనుక అవి రెండూ మంచి రోజులు. పబ్బులు సాధారణంగా పన్నెండింటికి తెరుస్తారు, కాబట్టి పదకొండుకు మొదలుపెడితే సరిపోతుంది.

పాతికేళ్ల లోపు వాళ్లలా కనిపిస్తే వయసు రుజువు అడుగుతారు, ఏదైనా గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. బ్యాంకు కార్డు తప్పనిసరి, ఎందుకంటే కొన్ని పబ్బులు నోట్లు తీసుకోవడమే మానేశాయి. రాళ్లు పరిచిన సందులు కనుక బూట్లు వేసుకోండి. ఇక్కడి వాన సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

పబ్బులో ఎలా మెలగాలి

జూబ్లీహిల్స్‌లో పబ్బంటే డీజే, చీకటి, తలుపు దగ్గర బౌన్సరు. ఇక్కడి పాత పబ్బు అలా ఉండదు. మధ్యాహ్నం పూట ముసలాయన పేపరు చదువుకుంటూ, కుక్క ఆయన కాళ్ల దగ్గర పడుకుని ఉంటుంది. బల్ల దగ్గర కూర్చుని ఎవరైనా వస్తారని ఎదురుచూడకండి, ఎవరూ రారు. కౌంటరు దగ్గరికి వెళ్లి, అడిగి, అప్పుడే డబ్బు కట్టి, గ్లాసు మీరే తెచ్చుకోవాలి. వరుస కనిపించదు గానీ ఉంటుంది: మీకంటే ముందు ఎవరొచ్చారో కౌంటరు వెనక మనిషికి తెలుసు, మీకూ తెలిసి ఉండాలి. నోటు ఊపడం, చిటికె వేయడం మహా తప్పు.

తాగనివాళ్లు మొహమాటపడనక్కర్లేదు. సోడాలో నిమ్మ షర్బత్తు కలిపి ఇమ్మంటే చవకలో ఇస్తారు. కూర్చుని తాగడానికి మద్యం అమ్మే ఏ చోటైనా మామూలు నీళ్లు అడిగితే ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది. తాగేవాళ్లు అర పైంటుతో (పావు లీటరు పైచిలుకు) సరిపెట్టుకోండి. నాలుగైదు చోట్ల ఆగాల్సిన నడక ఇది, మొదటి గుమ్మం దగ్గరే నిండు పైంటు ఎత్తితే కోవెంట్ గార్డెన్ చేరేసరికి ఏ గోడ మీది రాతా కనబడదు. నలుగురు కలిసి వెళ్తే ఒక్కొక్కరు ఒక్కో విడత అందరికీ కొంటారు. మీ వంతు వచ్చినప్పుడు ఫోను చూసుకుంటూ కూర్చుంటే ఆ మాట మీ ఆఫీసులో ఏడాదిపాటు నడుస్తుంది.

మొదటి మజిలీ: ఫ్లీట్ స్ట్రీట్

లడ్‌గేట్ సర్కస్ కూడలి దగ్గర నిలబడి పడమటికి నడవండి. 1666లో లండన్‌ను తగలబెట్టిన మహా అగ్నిప్రమాదం ఈ వీధిలో ఫెటర్ లేన్ దాకా వచ్చి ఆగింది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే "ఊళ్లోకెల్లా పాత పబ్బు మాదే" అనే బోర్డులన్నిటినీ మీరే బేరీజు వేసుకోవచ్చు. మంట ఆగిన చోటికి తూర్పున ఉన్న భవనం దాదాపుగా 1666 తర్వాతదే. దాని కింది నేలమాళిగ మాత్రం పాతది కావచ్చు.

145వ నంబరు పక్కనున్న వైన్ ఆఫీస్ కోర్ట్ అనే సందులోకి తిరగండి. ఎడమో కుడో చూసుకునే పని లేదు, చీకటిగా ఉన్న గుమ్మమే చెషైర్ చీజ్ పబ్బు. మంట తర్వాత 1667లో తిరిగి కట్టారు. అప్పటి నుంచి ఎంతమంది రాజులు, రాణులు మారారో తలుపు పక్కనే పలక మీద రాసి ఉంటుంది. లోపల గదిలో గది, దాని కింద మెట్లు, ఆ మెట్ల కింద మళ్లీ మెట్లు. నేల మీద రంపపు పొట్టు చల్లి ఉంటుంది. ఒకప్పుడు తాగడానికొచ్చినవాళ్ల బురద కాళ్లకీ, ఒలికిన బీరుకీ అదే మందు. ఇక్కడ పాలీ అనే చిలక ఉండేది. బూతులు తిట్టడంలో దాని పేరు ఎంత మోగిందంటే, 1926లో అది చచ్చిపోతే పత్రికల్లో సంతాపాలు రాశారు. ఫ్లీట్ స్ట్రీట్ అంటే అప్పట్లో పత్రికాఫీసుల వీధి, రోజూ ఆ చిలక ముందు కూర్చుని తాగేది విలేఖరులే కదా మరి.

ఈ పబ్బు శామ్యూల్ స్మిత్ అనే బీరు కంపెనీది. వాళ్ల పబ్బుల్లో పాటలుండవు, టీవీ ఉండదు, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు తీయొద్దని 2019లో నియమం పెట్టారు. చూడాల్సినవి కళ్లతో చూసి రండి.

అదే సందు చివరికి వెళ్తే గాఫ్ స్క్వేర్. 17వ నంబరు ఇంటి అటక మీద శామ్యూల్ జాన్సన్ గుమాస్తాలను కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు నిఘంటువు రాయించాడు. 1755లో అది అచ్చయింది. ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఎదురుగా ఆయన పిల్లి హాడ్జ్ విగ్రహం, కాళ్ల దగ్గర ఆల్చిప్పలు. నిఘంటువు అంటే మనకు గుర్తొచ్చే బ్రౌన్ దొర కూడా కడప, బందరు, మద్రాసు వదిలి వచ్చాక లండన్‌లోనే తెలుగు పాఠాలు చెప్పి, 1884లో ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. జాన్సన్‌కున్నట్టు ఆయనకూ ఒక పిల్లి విగ్రహం ఉంటే మనవాళ్లంతా వరుసకట్టేవాళ్లు.

మళ్లీ వీధిలోకి వచ్చి పడమటికి సాగితే ఎడమవైపు 17వ నంబరు వస్తుంది. పై అంతస్తు ముందుకు తోసుకొచ్చిన కర్ర కట్టడం. 1610 ప్రాంతంలో ప్రిన్సెస్ ఆర్మ్స్ అనే టావెర్న్‌గా కట్టారు. మంట ఇక్కడిదాకా రాలేదు కనుక మిగిలింది. దీని మీద గొప్పలు చెప్పుకునే బోర్డేమీ ఉండదు, పక్కనే నడిచిపోయేవాళ్లు తలెత్తి కూడా చూడరు. నా లెక్కలో మాత్రం ఈ వీధి మొత్తానికీ ఇదే ముఖ్యం. దీని కింది ద్వారం ఇన్నర్ టెంపుల్ వైపు వెళ్తుంది. గాంధీ 1888లో బారిష్టరు చదువుకి చేరింది అక్కడే. మాంసం ముట్టనని తల్లికి మాటిచ్చి వచ్చిన ఆ కుర్రాడు కడుపు నిండక వీధులన్నీ తిరిగి, చివరికి ఇక్కడికి దగ్గర్లోని ఫారింగ్డన్ స్ట్రీట్‌లో ఒక శాకాహార హోటలు కనిపెట్టాడు. ఆ హోటలు ఇప్పుడు లేదు. లండన్‌లో పప్పన్నం కోసం మీరు పడ్డ అవస్థ ఆయన అప్పుడే పడ్డాడని తెలిస్తే కొంత ఊరట.

రెండో మజిలీ: స్ట్రాండ్

రోడ్డు మధ్యలో ఎత్తు దిమ్మె మీద డ్రాగన్ కనిపిస్తే సిటీ ఆఫ్ లండన్ (పాత లండన్ నగరం) హద్దు దాటుతున్నట్టు. అక్కడి నుంచి వీధి పేరు స్ట్రాండ్. 216లో ట్వైనింగ్స్ టీ దుకాణం. గుమ్మం వెడల్పు మనిషి చేతులు బార్లా చాపితే ఆనేంత, లోతు మాత్రం రైలు పెట్టెలా పోతూనే ఉంటుంది. థామస్ ట్వైనింగ్ 1706లో ఇక్కడి కాఫీ హౌసు కొని, కాఫీ తాగేవాళ్ల మధ్య టీ అమ్మడం మొదలుపెట్టాడు. తాగని పెద్దవాళ్లు వెంట ఉంటే వాళ్లకు చూపించాల్సింది ఇదే.

ఇంకొంచెం ముందుకెళ్తే 143వ నంబరు. ఈ మేడ మీదే ఇండియా క్లబ్ ఉండేది. కృష్ణ మీనన్ చుట్టూ ఉన్న ఇండియా లీగ్ వాళ్లు 1951లో మొదలుపెట్టారు, తర్వాత ఈ చోటికి మారింది. ఇరుకు మెట్లు, పాత కుర్చీలు, దోసె, గోడల మీద నాయకుల ఫొటోలు. 2023 సెప్టెంబరులో మూసేశారు. ఈ నడక రేపు చేద్దాం, వచ్చే ఏడాది చేద్దాం అని వాయిదా వేసేవాళ్లను ఇక్కడ ఒక నిమిషం నిలబెట్టండి.

సవాయ్ థియేటర్ 1881లో తెరిచారు. మొత్తం కరెంటు దీపాలతో వెలిగిన మొదటి ప్రజా భవనం ఇదే. కరెంటంటే జనానికి భయం కదా, యజమాని డోయ్లీ కార్ట్ వేదిక మీదికి వచ్చి, వెలుగుతున్న బల్బును గుడ్డలో చుట్టి పగలగొట్టి, మంట రాలేదు చూడండని చూపించాడు. అంతకుముందు థియేటర్లు ఎలా కాలిపోయేవో రాబోయే మజిలీలో తెలుస్తుంది. పక్కనే సింప్సన్స్. పెద్ద హోటలుగా పేరుగానీ, 1828లో మొదలైంది చుట్టలు కాలుస్తూ చదరంగం ఆడుకునే చోటుగా. ఆండర్సన్, కీసెరిట్స్కీ మధ్య 1851లో జరిగిన, చదరంగం పుస్తకాలన్నిటిలోనూ ఉండే ఆ "అమర క్రీడ" ఇక్కడి బల్ల మీదే ఆడారు. కోనేరు హంపి పుట్టిన నేల నుంచి వచ్చినవాళ్లు తెలుసుకోకపోతే ఎలా?

మూడో మజిలీ: మెయిడెన్ లేన్, కోవెంట్ గార్డెన్

నడక మొత్తంలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. అడెల్ఫీ థియేటర్ పక్కన బుల్ ఇన్ కోర్ట్ అనే సన్నటి సందు ఉంది, ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరు పక్కకు ఒదగాలి. మధ్యలో నెల్ గ్విన్ టావెర్న్. సందు దాటితే మెయిడెన్ లేన్. 1897 డిసెంబరు 16 సాయంత్రం విలియం టెరిస్ అనే పేరున్న నటుడు ఆటకి వస్తూ అడెల్ఫీ వెనక తలుపు తాళం తీస్తుండగా, వేషాలు దొరక్క మతి చలించిన మరో నటుడు పొడిచి చంపేశాడు. గోడ మీద ఫలకం ఉంది. ముందు వైపు స్ట్రాండ్‌లో దీపాల బోర్డు చూసి వెళ్లిపోయేవాళ్లకు ఈ సంగతే తెలియదు.

అదే సందులో 35వ నంబరు రూల్స్. 1798లో థామస్ రూల్ ఆల్చిప్పల కొట్టుగా పెట్టాడు. లండన్‌లో ఇప్పటికీ నడుస్తున్న పాత రెస్టారెంట్లలో దీనిదే మొదటి స్థానం అంటారు. ఎర్ర వెల్వెట్టు సోఫాలు, గోడ నిండా నటుల బొమ్మలు, వేట మాంసం, పుడ్డింగులు. శాకాహారులకు పెద్దగా ఏమీ దొరకదు, ధర ఎక్కువ, ముందే బల్ల బుక్ చేసుకోవాలి. ఇలాంటి చోట్ల బిల్లులో సర్వీసు చార్జీ సాధారణంగా పన్నెండున్నర శాతం ముందే కలిపేసి ఉంటుంది. దాని పైన మళ్లీ టిప్పు పెట్టకండి. థియేటరుకి వెళ్లేవాళ్ల కోసం సాయంత్రం ఆరులోపు తక్కువ ధర భోజనం పెట్టే హోటళ్లు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. జేబుకి అదే మేలు.

సెయింట్ పాల్స్ చర్చి దగ్గరికి రండి. పెద్ద గుమ్మటం ఉన్న కెథీడ్రల్ కాదు, ఇది నటుల చర్చి. లోపల గోడలన్నీ నటీనటుల పేర్లే. బయట స్తంభాల దగ్గర 1662 మే నెలలో శామ్యూల్ పీప్స్ పంచ్ బొమ్మలాట చూసినట్టు డైరీలో రాసుకున్నాడు. కర్ర పట్టుకుని కనిపించినవాణ్నల్లా బాదే ఆ పంచ్‌ను చూస్తే మన తోలుబొమ్మలాటలో కేతిగాడు గుర్తుకొస్తాడు. ఇప్పటికీ అక్కడ వీధి కళాకారులు ఆడుతూనే ఉంటారు. నిలబడి చూస్తే చివర్లో టోపీలో నాణెం వేయడం మర్యాద.

రస్సెల్ స్ట్రీట్ మీదుగా డ్రూరీ లేన్ థియేటరుకి. 1663 నుంచి ఇదే స్థలంలో నాటకాలు ఆడుతున్నారు. ఇప్పుడున్నది నాలుగో భవనం, 1812 నాటిది. మూడోదాన్ని నాటక రచయిత షెరిడన్ కట్టించాడు. మంటలు ప్రేక్షకుల వైపు రాకుండా ఇనప తెర పెట్టించి గొప్పగా చెప్పుకున్నాడు. 1809లో ఆ భవనమే కాలి బూడిదైంది. ఎదుటి కాఫీ హౌసులో కూర్చుని వైను తాగుతూ చూస్తున్న షెరిడన్‌ను ఎవరో అడిగితే, సొంత పొయ్యి దగ్గర కూర్చుని ఓ గ్లాసు తాగే హక్కు కూడా మనిషికి లేదా అన్నాడట. నిజమో కాదో గానీ, దివాలా తీసిన మనిషి నోట రావాల్సిన మాటే. లోపల గుండ్రటి హాలు నుంచి రెండు మెట్ల వరుసలు వెళ్తాయి, ఒకటి రాజు వైపు, ఇంకొకటి యువరాజు వైపు. ఆట టికెట్టు లేకపోయినా డబ్బిచ్చి గైడుతో లోపలంతా తిరగొచ్చు.

వెనక బో స్ట్రీట్‌లో రాయల్ ఒపెరా హౌస్. ఇది 1808లో ఒకసారి, 1856లో ఒకసారి కాలింది. 1809లో కొత్త భవనం తెరిచి ఖర్చు రాబట్టడానికి టికెట్టు ధర పెంచితే జనం ఊరుకోలేదు. 67 రాత్రులు థియేటర్లోకి వచ్చి గంటలు, బూరలు మోగిస్తూ, ఈలలు వేస్తూ, వేదికకు వీపు పెట్టి కూర్చుని ఆట సాగనివ్వలేదు. చివరికి యజమాని దిగొచ్చి క్షమాపణ చెప్పుకున్నాడు. టికెట్టు ధర మీద జీవోలూ కోర్టు కేసులూ చూసిన తెలుగు ప్రేక్షకుడికి ఇది పరాయి కథ కాదు.

ఫ్లోరల్ స్ట్రీట్ దాటి రోజ్ స్ట్రీట్‌లోకి దూరండి. 1679లో కవి డ్రైడెన్‌ను కిరాయి మనుషులు చావబాదింది ఈ సందులోనే. ఇక్కడి ల్యాంబ్ అండ్ ఫ్లాగ్ పబ్బులో ఉత్త పిడికిళ్లతో బాక్సింగు పోటీలు జరిగేవి, దాన్ని "నెత్తుటి బకెట్" అనేవారు. పక్కనున్న బొరియలాంటి దారిలోంచి నడిచి అవతలికి తేలండి.

నాలుగో మజిలీ: సెయింట్ మార్టిన్స్ లేన్

గుడ్విన్స్ కోర్ట్‌లో ముందుకు ఉబికిన కిటికీల వరుస చూసి, సాలిస్బరీ పబ్బుకి వెళ్లండి. 1890ల నాటి చెక్కుడు అద్దాలు, దీపాలు పట్టుకున్న కంచు బొమ్మలు. విక్టోరియా కాలంలో ఒకే పబ్బుని చెక్క అడ్డాలతో గదులుగా విడగొట్టేవారు. కూలివాడికి ఒక తలుపు, దొరగారికి ఒక తలుపు. థియేటర్లదీ అదే తీరు: పై గ్యాలరీ వాళ్లకు పక్క సందులోంచి వేరే వాకిలి, ఇటుక మెట్లు, చలువరాయి లేదు. కొలీజియం లాంటి పెద్ద థియేటర్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తే ఎవరిది ఏ గుమ్మమో గోడ పనితనమే చెబుతుంది.

సాయంత్రం ఆట చూడాలనుకుంటే లెస్టర్ స్క్వేర్‌లోని టీకేటీఎస్ కౌంటరులో తగ్గింపు టికెట్లు అడగండి. చాలా థియేటర్లు ఆ రోజు ఉదయం కొన్ని సీట్లు చవకగా ఇస్తాయి. "రిస్ట్రిక్టెడ్ వ్యూ" అని రాసి ఉంటే అక్కడ నిజంగానే స్తంభం అడ్డం వస్తుంది. పాత థియేటర్లలో పై వరసలకు లిఫ్టు ఉండకపోవచ్చు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే కింది వరసే కొనండి. వెస్ట్ స్ట్రీట్‌లోని సెయింట్ మార్టిన్స్‌లో "మౌస్‌ట్రాప్" అనే హత్యా నాటకం ఆడుతోంది. 1952లో పక్క థియేటర్లో మొదలై, 1974లో ఇక్కడికి మారింది, మధ్యలో కరోనా ఒక్కటే దాన్ని ఆపగలిగింది. ఈరోజు ఎన్నో ఆటో లోపల చెక్క పలక మీద ఉంటుంది. హంతకుడెవరో బయట చెప్పొద్దని చివర్లో బతిమాలుకుంటారు.

ఐదో మజిలీ: సోహో

ఇక్కడ మజిలీలు ఎక్కువ, దూరాలు తక్కువ. గ్రీక్ స్ట్రీట్‌లో 1871 నాటి మేజాన్ బెర్తో కేకుల కొట్టు. ఫ్రిత్ స్ట్రీట్‌లో 1949లో పెట్టిన బార్ ఇటాలియా, దాని పైగదిలోనే 1926లో బెయిర్డ్ అనే ఇంజనీరు తాను తయారుచేసిన టెలివిజన్‌ను చూపించాడు. డీన్ స్ట్రీట్ 28లో ఇప్పుడు రెస్టారెంటు నడుస్తున్న ఇంటి పైన మార్క్స్ కాపురముండేవాడు. ఎర్రజెండా ఇళ్లలో పెరిగినవాళ్లు తలెత్తి ఫలకానికో ఫొటో తీసుకోండి. ఫ్రెంచ్ హౌస్ పబ్బులో బీరు అర పైంటే పోస్తారు, నిండు గ్లాసు అడిగితే నవ్వుతారు.

బ్రాడ్విక్ స్ట్రీట్‌లో జాన్ స్నో పబ్బు దగ్గర తప్పక ఆగండి. 1854లో ఈ వీధిలో కలరా వచ్చి రోజుల్లో వందల మంది పోయారు. గాలి చెడిపోయిందని అందరూ అంటుంటే, డాక్టర్ స్నో ఇంటింటికీ తిరిగి చావుల లెక్క కట్టి, ఈ వీధి చేతిపంపే కారణమని తేల్చి దాని పిడి తీయించాడు. ఇదే వీధిలో బీరు కాచే కార్ఖానా పనివాళ్లు చావలేదు, ఎందుకంటే వాళ్లు పంపు నీళ్లు తాగేవాళ్లే కాదు. పంపు నమూనా బయటే ఉంది. తమాషా ఏమిటంటే, జీవితంలో ఎక్కువ కాలం మద్యం ముట్టని డాక్టరు పేరే పబ్బుకి పెట్టారు.

చివర్లో రీజెంట్ స్ట్రీట్. వీరాస్వామి రెస్టారెంటుని 1926లో ఎడ్వర్డ్ పామర్ ఇక్కడ మొదలుపెట్టాడు. హైదరాబాదులో నిజాముకే అప్పులిచ్చిన పామర్ కంపెనీ గుర్తుందా? ఆ కంపెనీ విలియం పామర్ తండ్రి జనరల్ పామర్ వంశమే ఇతనిదీ. హోటలు కంటే ముందు "నిజాం" పేరుతో మసాలాలు అమ్మేవాడు. భవనం లీజు తగాదా 2025లో వార్తలకెక్కింది కనుక, భోజనానికి వెళ్లాలనుకుంటే తెరిచి ఉందో లేదో ముందు చూసుకోండి.

పెద్దవాళ్లతో వెళ్తే

నడకని రెండు రోజులు చేయండి: ఫ్లీట్ స్ట్రీట్, స్ట్రాండ్ ఒక రోజు, మిగతాది ఇంకో రోజు. మధ్యలో స్ట్రాండ్ మీద బస్సెక్కితే ఎంతో దూరం కలిసొస్తుంది. మూత్రశాలకి పబ్బులోకి వెళ్తే ఏదో ఒకటి కొనడం పద్ధతి. పిల్లల్ని చాలా పబ్బులు పెద్దవాళ్లతో ఉంటే సాయంత్రం దాకా రానిస్తాయి, గుమ్మం దగ్గరే అడిగేయండి. రాత్రి పదకొండు దగ్గరపడ్డాక గంట మోగితే అది ఆఖరి ఆర్డరు. ఆ తర్వాత గ్లాసు ఖాళీ చేయడానికి కాసేపు గడువిస్తారు, కొత్తగా ఏమీ పోయరు.